పెట్టెలోని తెల్లచీర



మన సంఘములలో పెండ్లి జరిగిన ఇండ్లు అనేకములలో ఒక పెట్టె యుండును. ఆ పెట్టె అడుగున ఒక తెల్లచీర యుండును. క్రిస్మసు పండుగకు ముందు గోడలకు సున్నము వేయునపుడు ఆ పెట్టెను బయటికి లాగుదురు. ఇల్లాలు చీరను విప్పదు. పైపైన చేతితో తడిమి, ఒక నిమిషము ఊరకుండి, మరల లోపల పెట్టును. పిల్లలు ముట్టుకొనబోయిన యెడల చేతిమీద ఒక దెబ్బ వేయును.

ఆ చీర యెందుకు పసుపుబారును? దానిని దాచుట మంచిదా, కాదా? మొదటి ప్రశ్నకు శాస్త్రము తెలిసినవారు జవాబు చెప్పియున్నారు. రెండవ ప్రశ్న నన్ను చిన్ననాటినుండి వెంటాడుచున్నది. అది నాకు మా అమ్మ పెట్టెలోనుండియే వచ్చినది.

మా అమ్మ పెండ్లి 1955వ సంవత్సరములో జరిగినది. మా చుట్టుప్రక్కల వారిలో తెలుపు విధవరాలు కట్టు రంగు గనుక, ఊరిలోని పెద్దమ్మలు కొందరు ఆ చీరను చూచి ముక్కున వ్రేలు వేసికొనిరట. సన్నని సరిగంచు గల తెల్లపట్టు చీర అది. దానిని కొనుటకై మా తాత ఒక కోడెదూడను అమ్మెను. పెండ్లియైన రెండవ యేట ఆయన ప్రభువునందు నిద్రించెను. ఆ తరువాత మా అమ్మ ఆ చీరను మరి కట్టలేదు. వార్తాపత్రికలో చుట్టి, కలరా ఉండలు వేసి, ఇనుప ట్రంకుపెట్టెలో పెట్టెను.

1964లో, నాకు ఆరేండ్ల వయస్సులో, వెనుకవీధి పెద్దమ్మ ఒకామె సాయంకాలము మా యింటికి వచ్చెను. ఆమె భర్త కూలిపని చేయువాడు. కుమార్తెకు పెండ్లి కుదిరినది. "చెల్లెమ్మా, ఒక్క పూటకు నీ తెల్లచీర ఇయ్యవే. గుడిలో కట్టించి, సాయంత్రానికి తెచ్చి ఇస్తా" అని అడిగెను. మా అమ్మ చాలసేపు మాటలాడలేదు. తరువాత, "అది మా నాయన గుర్తు అక్కా, నలిగిపోతే నేను తట్టుకోలేను" అనెను. పెద్దమ్మ కోపపడలేదు. "పోనీలే" అని మజ్జిగ త్రాగి వెళ్లిపోయెను. ఆ పిల్ల లేత నీలిరంగు నూలుచీరతో పెండ్లి పీటమీద నిలిచెను. ఆ ఆదివారము మా అమ్మ గుడిలో వెనుక వరుసలో కూర్చుండెను.

పందొమ్మిది సంవత్సరములు గడిచినవి. 1983లో మా చెల్లెలి పెండ్లికి అమ్మ ఆ పెట్టె తెరచి చీరను మంచముమీద పరచెను. తెలుపు పోయి ఎండిన గడ్డిరంగు వచ్చియుండెను. మడతలున్నచోట్ల పట్టు నిలువునా చీలెను. సరిగ నల్లబడెను. అన్నిటికంటె విచిత్రమేమనగా, కుచ్చిళ్లుండు భాగమున అరచేయంత గోధుమరంగు మరక యొకటి, ఎన్నడును చూడనిది, కనబడెను. "ఎవరూ ముట్టుకోలేదే! ఎవరికీ ఇవ్వలేదే!" అని అమ్మ అన్నమాట నేను మరువలేదు.

ఆ మరక యెక్కడినుండి వచ్చెనో నాకు చాల కాలమునకు గాని తెలియలేదు. పెండ్లినాడు అతిథులకు నిమ్మరసపు షరబతు ఇచ్చిరి. ఎవరిచేతనో నాలుగు చుక్కలు చీరమీద పడియుండును. నీటివలె కనబడు పంచదార నీళ్లు ఆరిన తరువాత కంటికి ఆనవు. గాని పంచదార దారములో నిలిచియుండును. ఏండ్లు గడిచినకొలది అది గాలిలోని ప్రాణవాయువుతో కలిసి, మెల్లగా మారి, గోధుమరంగు తేలును. చెమటయు, కొబ్బరినూనె చేతులును చేయు పని ఇంచుమించు ఇటువంటిదే. అందుచేతనే వస్త్రములను కాపాడు పనివారు, పెండ్లిబట్ట చూచుటకు శుభ్రముగా ఉన్నను, దాచుటకు ముందు, వీలైనంత త్వరలో ఉతికించుమని చెప్పుదురు. అమ్మ ఉతుకక దాచెను. ఉతికిన యెడల పెండ్లివాసన పోవునని ఆమె భయము.

పట్టు పురుగు తీసిన దారము. అది మాంసకృత్తుతో చేయబడినది. శాస్త్రజ్ఞులు దానిని ఫైబ్రాయిన్ అందురు. నూలు చెట్టునుండి వచ్చిన సెల్యులోజు. రెండును గాలికి, వెలుతురుకు, తేమకు, వేడిమికి లోబడి మారును. ఎండలోని అతినీలలోహిత కిరణములు పట్టులోని టైరోసిన్, ట్రిప్టోఫాన్ అను భాగములను మార్చివేసినపుడు పసుపురంగు పుట్టును. ఇది మీదపడిన మురికి కాదు గనుక సబ్బుతో పోదు. దారమే మారిపోయినది. నగరములలోని వస్తుప్రదర్శనశాలలలో పాత వస్త్రములుండు గదిని మసకగా ఉంచుట మీరు చూచియుందురు. అక్కడ వెలుతురును సాధారణముగా 50 లక్సులకు మించనియ్యరు. మన పెరటిలో మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 1,00,000 లక్సులు. చీరను ఆరవేయునపుడు నీడ యెందుకు అవసరమో ఈ లెక్కయే చెప్పును. వెలుతురు చేసిన నష్టము చీకటిలో పెట్టినంత మాత్రమున తిరిగిరాదు. అది లెక్కలో కూడుచునే పోవును.

వార్తాపత్రికలో చుట్టుట మంచిదని మన పెద్దలు అనుకొనిరి. నిజమునకు అది చెరుపు. ఆ కాగితములో కొయ్యనుండి వచ్చిన లిగ్నిన్ అను పదార్థముండును. అది పాతబడినకొలది పుల్లబడి ఆమ్లమును పుట్టించును. కాగితము తాను పసుపుబారుచు, తాకిన బట్టనుకూడ పసుపుబార్చును. కొయ్యబీరువా పలకలనుండియు ఇటువంటి ఆవిరులు వెలువడును. బట్టల దుకాణమువారిచ్చు ప్లాస్టిక్కు సంచిలో తేమ చిక్కుకొనును. కొన్ని ప్లాస్టిక్కులలో కలుపు మందులు గాలిలోని పొగతో కలిసి తెల్లబట్టకు పసుపురంగు పట్టించును. ఇనుప పెట్టె తుప్పు, గుండుసూది తుప్పు బట్టను కాల్చినంత పనిచేయును. గంజి పెట్టి దాచిన చీర బొద్దింకలకు విందు. పైగా గంజి బిరుసెక్కినచోట మడత విరుగును.

నీలిమందు సంగతి ఒకటి చెప్పవలెను. తెల్లబట్ట పసుపుబారినపుడు మనము నీలిమందు వేయుదుము. అది పసుపును తీసివేయదు. పసుపు ప్రక్కన నీలము చేరినపుడు మన కన్ను మోసపోయి తెల్లగా ఉన్నదని తలంచును. పసుపు క్రిందనే యుండును. దీనిని తప్పని అనుటలేదు. ఆదివారపు చొక్కాలకు నేనును వేయించుచున్నాను. బట్టలను తెల్లబరచు క్లోరిను పొడి మాత్రము పట్టుకు తగులనియ్యకూడదు. అది పట్టును కరగించివేయును.

అటులైన ఏమి చేయవలెను? పట్టుచీరను కట్టి విడిచిన వెంటనే చల్లని నీటిలో మెత్తని సబ్బుతో ఉతికించి, లేక తెలిసిన రజకునిచేత పొడిగా శుభ్రము చేయించి, గంజి లేక నీడన ఆరవేసి, అనేకసార్లు ఉతికిన పాత తెల్లపంచెలో చుట్టుడి. మడతలలో మెత్తని గుడ్డచుట్టలు పెట్టుడి. ఏడాదికొకసారి తీసి మడత మార్చుడి. కలరా ఉండలు సరిగకు తగులనియ్యకుడి. చేతికి నూనె లేకుండ చూచుకొనుడి. సౌకర్యముగలవారు ఆమ్లములేని కాగితము తెప్పించుకొందురు. అందులోను సున్నము కలిపినది నూలుకు మంచిది గాని పట్టుకు పనికిరాదు. ఇంత చేసినను చీర నిలువదు, చెడుట మెల్లనగును, అంతే. సుమారుగా పది డిగ్రీల వేడిమి పెరిగిన యెడల ఇటువంటి మార్పులు రెట్టింపు వేగముతో జరుగునని రసాయనశాస్త్రము తెలిసినవారు లెక్క చెప్పుదురు. మే నెలలో మన రేకుల యింటిలోని ట్రంకుపెట్టె ఎంత కాగునో మీకు తెలియును.

దాచుట వలన ఆగని చెరుపు మరియొకటి కలదు. 19వ శతాబ్దపు చివరిభాగమున పడమటి దేశములలో పట్టును తూకము వేసి అమ్ముచుండిరి. పట్టుదారము మీది జిగురు తీసివేసినపుడు బరువు ఇంచుమించు నాలుగవవంతు తగ్గును. ఆ తగ్గినదానిని నింపుటకు, కొందరు అంతకంటె ఎక్కువ చేయుటకును, తగరపు లవణములలో పట్టును నానబెట్టిరి. బట్ట బరువుగా, గలగలలాడుచు, ఘనముగా కనబడెను. ఆ కాలపు పెండ్లిగౌనులు అనేకములు నేడు చీకటి గదిలో ఎవరును ముట్టకుండనే ముక్కలగుచున్నవి. చిమ్మట కొరకలేదు, ఎండ తగులలేదు. చెరుపు నేతకు ముందే దారములో కూర్చుండెను.

తెల్లని పెండ్లివస్త్రమునకు లోకములో ఇంత వాడుక వచ్చుటకు ఇంగ్లాండు రాణి విక్టోరియా చాలవరకు కారణము. ఆమెకు పూర్వము కొందరు తెలుపు కట్టకపోలేదు గాని, అక్కడి పెండ్లికుమార్తెలు సాధారణముగా రంగుబట్టలే కట్టిరి. రాచకన్యలకు వెండిజలతారు వాడుక. విక్టోరియా 1840 ఫిబ్రవరి 10వ తేదీన తెల్లపట్టు గౌను ధరించెను. పట్టు లండనులోని స్పిటల్‌ఫీల్డ్సులో నేసినది. దానిమీది అల్లికను డెవన్ సీమలోని బీర్ అను గ్రామమున రెండువందల మందికి పైగా స్త్రీలు చేతితో అల్లిరి. యంత్రపు అల్లిక వచ్చి చేతిపనివారి నోటికాడి కూడు తీసివేయుచున్న దినములవి. రాణి వారి అల్లికను కోరుటవలన వారికి పని దొరకెను. మన చేనేతవారి సంగతి ఎరిగినవారికి దీని భావము వేరుగ చెప్పనక్కరలేదు.

ఇందులో నేను ముఖ్యముగా గమనించినది మరియొకటి. ఆ గౌనును నేటివరకు రాజవంశపు భాండాగారములో భద్రపరచిరి. అల్లికను మాత్రము విక్టోరియా పెట్టెలో పెట్టి ఊరకుండలేదు. 1861లో భర్త చనిపోయిన తరువాత జీవితాంతము నల్లబట్టలు కట్టినను, పండుగ దినములలో ఆ పెండ్లి అల్లికను నల్లబట్టమీద ధరించుచుండెను. 1885లో కడగొట్టు కుమార్తె బియాట్రిస్ పెండ్లికి దానిని కట్టనిచ్చెను. 1893లో మనుమని పెండ్లికి తానే ధరించెను. ఆ దినమున తీసిన ఛాయాచిత్రమే 1897లో ఆమె వజ్రోత్సవపు చిత్రమైనది. 1901లో ఆమెను పాతిపెట్టినపుడు పెండ్లి ముసుగు ఆమె ముఖముమీద వేసిరి. అరువది సంవత్సరములు ఆ బట్ట పనిచేసినది.

ఆమె పెద్దకుమార్తె బాప్తిస్మమునకై 1841లో పెండ్లిగౌను పోలికగా ఒక చిన్న అంగీ కుట్టించిరి. ఆ ఒక్క అంగీ 2004 వరకు 62 మంది శిశువులకు తొడిగిరి. అప్పటికి అది మరి తొడుగలేనంత బలహీనమాయెను. 2008 నుండి దాని పోలికగా కుట్టిన క్రొత్త అంగీ వాడుచున్నారు. క్రొత్త అల్లిక మరీ తెల్లగా ఉండెనని, పాతదానివలె కనబడుటకు దానిని తేనీటిలో ముంచిరట! ఇక్కడ మనము పసుపు పోగొట్టుటకు నీలిమందు వెదకుచుండగా, అక్కడ పసుపు కలుగుటకు టీ కాచిరి.

రాణికి సేవకులు కలరు, పెట్టెలు కలవు, మరియొక అల్లిక కొనగల ధనమును కలదు. కోడెదూడనమ్మి కొనిన చీర విషయము అటువంటిది కాదని మీరనవచ్చును. నిజమే. కావున లేఖనమువైపు చూతము.

చిమ్మటయు తుప్పును తినివేయు చోట ధనము కూర్చుకొనవద్దని ప్రభువు కొండమీద చెప్పిన మాట (మత్తయి 6) ఈ సందర్భమున వెంటనే జ్ఞాపకమునకు వచ్చును. ఆ మాట చెప్పి పెట్టె మూసివేయుట సుళువు. గాని మా అమ్మ ధనము కూర్చుకొనలేదు. తండ్రిని కూర్చుకొనెను. పెండ్లికుమార్తె తన అలంకారమును మరచునా అని ప్రవక్త అడుగునపుడు (యిర్మీయా 2), మరువదు అనునదే జవాబుగా ఎంచుచున్నాడు. దానిని తప్పుగా ఎంచుటలేదు. హన్నా ఏటేట చిన్న అంగీ కుట్టి సమూయేలునకు తీసికొనిపోవుచుండెను (1 సమూయేలు 2). పొట్టివైపోయిన అంగీలను ఆమె ఏమి చేసెనో లేఖనము చెప్పదు. ఒకటి రెండైనను దాచుకొనక యుండునా అని నాకు తోచును. తల్లియే గదా!

మరి రెండు అంగీలు గలవాడు ఏమియు లేనివానికి ఇయ్యవలెనని యోహాను చెప్పిన మాట (లూకా 3)? ఇక్కడనే నా చిక్కు. జ్ఞాపకార్థముగా ఉంచుకొనిన బట్ట రెండవ అంగీ అగునా? కట్టుకొనునది ఒకటి, గుర్తుగా దాచినది ఒకటి అయినపుడు, ఆ రెండవది మిగులు వస్తువు అని మరియొకడు లెక్కింపవచ్చునా? చచ్చిన తండ్రి గుర్తును ఇమ్మని ఒత్తిడిచేయుటకు ఎవరికిని అధికారము లేదని నేను ఇప్పటికిని నమ్ముచున్నాను. పెద్దమ్మకూడ ఒత్తిడి చేయలేదు. కాని ఆమె అడిగినది గుర్తును ఇచ్చివేయుమని కాదు. ఒక పూట దానిని మరియొక పిల్ల ఒంటిమీద ఉండనిమ్మని. అటుల ఉండినయెడల గుర్తు పోవునా? మా తాత అమ్మిన దూడ తిరిగి పెరటిలోనికి రాదు గదా, చీర పెట్టెలో ఉన్నను, గుడిలో ఉన్నను.

ఒకడు ఇట్లు అనవచ్చును: ఇచ్చియుండిన యెడల చీర చెడియుండును. అవును, చెడియుండవచ్చును. పెండ్లిలో మరియొక షరబతు పడియుండవచ్చును, అంచు చినిగియుండవచ్చును. ఇచ్చినవారి బట్ట పాడుకాదని నేను మాట ఇయ్యను. అటువంటి కథలు మన పత్రికలలో అప్పుడప్పుడు వచ్చును గాని, నేను చూచిన జీవితములో ఇచ్చినవారి బట్టలును చినుగుచునే యున్నవి. నేను చెప్పగలిగినది ఇంతమాత్రమే: మా అమ్మ భయపడిన చెరుపు పెద్దమ్మ చేతులలో లేదు. ఆమె అడుగవచ్చిన దినమునకు తొమ్మిదేండ్లు ముందే అది కుచ్చిళ్లలో ఉండెను. కనబడని మరకను లోపల ఉంచుకొని, కనబడు చేతులకు భయపడితిమి.

యొప్పేలో దొర్కా చనిపోయినపుడు విధవరాండ్రు పేతురుచుట్టు నిలిచి యేడ్చుచు, ఆమె కుట్టిన అంగీలను, వస్త్రములను చూపిరి (అపొ. కార్యములు 9). అవి వారి ఒంటిమీదనే ఉండెనని కొందరు బోధకులు చెప్పుదురు. నాకు ఆ తలంపు ఇష్టము. వారు పెట్టెలు తెరువ పరుగెత్తలేదు. చెమటపట్టిన, నలిగిన, బహుశః అతుకుపడిన బట్టలే దొర్కాకు సాక్ష్యమైనవి.

మా చెల్లెలికి ఆ యేట క్రొత్త చీర కొన్నాము. పాతది మరల పెట్టెలోనికి పోయెను. ఈసారి ఉతికి, పాతపంచెలో చుట్టితిమి.

1985లో వెనుకవీధిలో ఒక శిశువునకు బాప్తిస్మము ఇయ్య నిర్ణయించిరి. నీలిరంగు చీరతో పెండ్లియాడిన ఆ పిల్లకు అది మొదటి మనుమరాలు. పెద్దమ్మ అప్పటికి లేదు. ఒకనాటి మధ్యాహ్నము మా అమ్మ కత్తెర తీసికొని మంచముమీద కూర్చుండెను. పైటచెంగు దగ్గర, మడత పడనిచోట, మరక లేనిచోట, మూరెడు పట్టు బాగుగనే ఉండెను. దానికి మెత్తని నూలుగుడ్డ లోపలివైపు వేసి, చిన్న అంగీ కుట్టెను. రంగు తెలుపు కాదు, వెన్నరంగు. మొదటి కత్తిరింపు వేయుటకు ఆమెకు చాలసేపు పట్టెను. నేను ప్రక్కనే ఉండి ఏమియు అనలేదు.

తానే తీసికొనిపోయి ఇచ్చెను. "ఆనాడు నీ పెండ్లికి చీర ఇవ్వలేకపోయానే" అనెను. ఆమె అంగీని త్రిప్పి త్రిప్పి చూచి, "ఏ చీర, పిన్నీ?" అని అడిగెను. నిజముగా మరచెనో, మరచినట్లు నటించెనో మా అమ్మకు తెలియలేదు. నాకును తెలియదు.

పండుగైన మూడవ దినమున అంగీ తిరిగివచ్చెను. అట్టముక్కవలె బిరుసుగా గంజి పెట్టి, నీలిమందు దండిగా వేసి, మిట్టయెండలో ఆరవేసి, ఇస్త్రీ చేసి, వార్తాపత్రికలో చుట్టి పంపిరి. మా అమ్మ దానిని చూచి కడుపుబ్బ నవ్వెను. తరువాత బకెట్టులో మంచినీళ్లు పట్టి, గంజి పోవువరకు మూడుసార్లు జాడించి, వసారాలో నీడన ఆరవేసెను. సాయంకాలము వచ్చిన బైబిలు స్త్రీతో, "మీ మనుమడి బాప్తిస్మము ఎప్పుడు?" అని అడిగెను.